మామగారు మారిన రోజు

మోటారు ముందు మూలిగింది. తర్వాత మాడు వాసన వచ్చింది. ఆ వెనకే సన్నటి నీలం పొగ ఒకటి వదిలి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది.

పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగిన ఇనుప షాఫ్టు, మోటారు చచ్చిన కబురు ఆలస్యంగా అందినట్టు, ఇంకా కాసేపు తిరిగి నెమ్మదించింది. దాని మీంచి దిగిన తోలు బెల్టు నిలిచిపోయింది. కింద పొడుగు లేతు మీద, రెండు ఇనుప మొనల మధ్య బిగించిన టేకు దుంగ మరో సగం చుట్టు తిరిగి, తన పలక మూల ఒకటి పైకెత్తి ఆగింది.

బొంగరం చేతిలో ఉలి ఇంకా కర్రని తాకనే లేదు.

ఆమెకి యాభై దాటాయి. ఈ చెక్క లేతుల షెడ్డు నడిపేది ఆమే. అయినా ఇంట్లో అందరికీ బొంగరమే. చిన్నప్పుడు ఈ షాఫ్టు కింద చేతులు చాచుకుని, కళ్ళు తిరిగి పడేదాకా గిర్రున తిరిగేదని పెదనాన్న పెట్టిన పేరు అది. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. పేరు మాత్రం అరగలేదు.

"లారీ ఎన్నింటికన్నారు?" అంది.

"నాలుగింటికి," అన్నాడు తమ్ముడు, మోటారు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేస్తూ. "దీని మీద నీళ్ళు కాచుకోవచ్చు."

ఆ లారీ పొడుగు లేతుని పట్టుకుపోవడానికి వస్తోంది. పాత యంత్రాలు పోగుచేసి జనానికి చూపించే మ్యూజియం వాళ్ళు అడిగారు, అక్కాతమ్ముళ్ళు ఒప్పుకున్నారు. షెడ్డులో ఇప్పటికే రెండు కొత్త లేతులు దిగాయి. దేని మోటారు దానిదే, దేని మీట దానిదే. రేపు షాఫ్టు కూడా కిందికి దిగుతుంది. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఈ దుంగతోనే.

ఇంట్లో మేడ మెట్ల మొదట్లో ఎడమవైపు ఒక స్తంభం ఉంది. నడుం దాకా ఎత్తు, గుండ్రటి తల, మధ్యలో మూడు కంకణాలు. పెదనాన్న ఈ లేతు మీదే తీసింది. కుడివైపు దానికి జత ఉండాలి. జత కోసం తెచ్చిన కర్ర పచ్చిగా ఉందని ఆయన అటకెక్కించాడు. "రెండోది తర్వాత" అన్నాడు. ఆ మాట ఇంట్లో ఊతపదం అయిపోయింది. అన్నంలోకి రెండో కూర ఏదని అడిగినా, పెళ్ళయిన వాళ్ళకి రెండో బిడ్డ ఎప్పుడని అడిగినా అదే జవాబు. కర్ర ఆరింది. ఆయన లేడు. స్తంభం ఉండాల్సిన చోట ఇప్పటికీ ఒక ఇనుప గొట్టం నిలబడి ఉంది.

కొత్త లేతుల్లో ఇంత లావు దుంగ పట్టదు. అటక మీద ఇలాంటిది ఇంకోటి లేదు. నాలుగింటిలోపు తిరిగితే స్తంభం. తిరగకపోతే వట్టి మొద్దు.

గుమ్మం పక్కన గుండ్రటి పీట మీద కూర్చుని పెద్దమ్మ ఇదంతా చూస్తోంది. పెదనాన్న భార్య. ఎనభై దాటిన మనిషి, అయినా ఈ షెడ్డులో బెల్టులకి కుట్లన్నీ ఆవిడవే.

"మీ పెదనాన్నకి తీరలేదు, తర్వాత మీకు తీరలేదు, ఇవాళ మోటారుకి తీరలేదు," అంది. "మీ వంశానికి తగ్గ మోటారే."

తమ్ముడు వైండింగ్ బాబాయికి ఫోను చేశాడు. రెండు వీధుల అవతల మోటార్లకి తీగ చుట్టే మనిషి ఆయన. చుట్టమేం కాదు. మోటారు కాలినప్పుడల్లా వచ్చీ వచ్చీ బాబాయి అయ్యాడు. తోపుడుబండి మీద ఇంకో మోటారు వేసుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఇది ఇవాళ లేవదమ్మాయ్. విప్పి మళ్ళీ చుట్టాలి. అందాకా దీన్ని తగిలించుకో. అదీ మూడు హార్సుపవరే, ఇదీ మూడే. ఇది కాస్త హుషారు, అంతే."

ఆ 'కాస్త హుషారు' దగ్గర ఎవరో ఒకరు ఆగి ఉండాల్సింది. ఎవరూ ఆగలేదు.

ఎందుకు ఆగలేదో చెప్పాలంటే పెదనాన్న లెక్క చెప్పాలి.

ఆయన తన యంత్రాలకి కొలతలతో కాదు, వరసలతో పేర్లు పెట్టాడు. మూలన కూర్చుని రోజంతా గొణుగుతూ అందరికంటే ఎక్కువ తినే మోటారు మామగారు. ఆ మోటారుకి బిగించిన ఆరంగుళాల చిన్న పుల్లీ కోడలు. పైన షాఫ్టుకి ఉన్న పద్దెనిమిది అంగుళాల పెద్ద పుల్లీ అత్తగారు. ఇక షాఫ్టు మీద ఒకటి, కింద పొడుగు లేతు మీద ఒకటి, ఎనిమిదేసి అంగుళాల జంట తోడికోడళ్ళు. ఒకదానికొకటి తీసిపోవు. ఒకటి ఎంత తిరిగితే రెండోదీ అంతే.

బొంగరం ఏడెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, మోటారు ఆపిన ఒక మధ్యాహ్నం, ఆయన కోడలి మీద సుద్దతో గీత గీసి ఆమె చేత చేత్తో తిప్పించాడు.

"లెక్కపెట్టు. అత్తగారు ఒక్క చుట్టు తిరిగేలోపు కోడలు ఎన్ని చుట్లు తిరిగింది?"

"మూడు."

"ఎందుకని?"

"కోడలు కనక," అంది లోపల్నుంచి పెద్దమ్మ.

పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత షాఫ్టుకి తాడు చుట్టి, తాడు చివర రంపపు పొట్టు బస్తా కట్టాడు. "ఇప్పుడు తిప్పు." పిల్ల కోడల్ని తిప్పింది. మూడు చుట్లు తిప్పితే షాఫ్టు ఒక్కసారి తిరుగుతోంది. బస్తా చీమలా పైకి పాకింది గానీ, పాకింది. అదే తాడుని కోడలి ఇరుసుకే చుట్టి తిప్పమంటే బస్తా నేల వదల్లేదు.

"చూశావా? వేగం మూడో వంతయింది, మెలితిప్పే బలం మూడింతలయింది. దాన్నే టార్క్ అంటారు. వేగాన్నీ టార్కునీ కలిపి గుణిస్తే వచ్చేది శక్తి. అది మాత్రం మామగారు తెచ్చినంతే. దారిలో కాస్త తరుగు పోతుంది గానీ, ఎక్కడా పెరగదు. సంపాదన ఆయనొక్కడిదే."

అలా నేర్చుకుంది ఆమె. మామగారు నిమిషానికి తొమ్మిదివందల అరవై చుట్లు. అత్తగారి దగ్గరికొచ్చేసరికి అందులో మూడో వంతు, మూడువందల ఇరవై. తోడికోడళ్ళు సమానం కనక లేతు మీద కర్ర కూడా అంతే. ఈ ఇంట్లో పిల్లలకి ఎక్కాల కంటే ముందు మూడువందల ఇరవై వచ్చేది. అదొక లెక్క అన్న సంగతే అందరూ మర్చిపోయారు. అమ్మ పేరు చెప్పినంత సులువుగా చెప్పేసేవాళ్ళు.

తమ్ముడు కాలిన మోటారు నుంచి కోడల్ని లాగి కొత్తదానికి తొడిగాడు. బెల్టు ఎక్కించాడు. బొంగరం ఉలి తీసుకుని లేతు ముందు నిలబడింది.

"వెయ్యి."

ఆమె చెవులకి ముందు తెలిసింది. ఈ షెడ్డులో ప్రతి బెల్టుకీ ఒక కుట్టు ఉంటుంది. రెండు చివరలు కలిపి పెద్దమ్మ తోలు తీగతో కుట్టిన చోటు. అది పుల్లీ మీంచి పోయినప్పుడల్లా 'టప్' మని కొడుతుంది. చిన్నప్పుడు వెనక గదిలో మధ్యాహ్నపు నిద్రలన్నీ ఆ టప్ టప్ మీదే పట్టాయి ఆమెకి. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేసేది. ఆ చప్పుడు ఇప్పుడు తరుముకొచ్చే గుర్రంలా ఉంది.

దుంగ పలకలు కనిపించడం మానేశాయి. గాలి 'వూ' మంది. లేతు కాళ్ళు నేల మీద టకటకా కొట్టుకున్నాయి. కుడివైపు మొన దగ్గర కర్ర కిర్రుమంది.

"ఆపు," అంది బొంగరం వెనక్కి జరుగుతూ. అరవలేదు. ఆమె గొంతు అలా ఉన్నప్పుడు తమ్ముడు ఎందుకని అడగడు.

దుంగ ఆగాక చూస్తే, మొన గుచ్చుకున్న రంధ్రం వదులై కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దాని పక్కన వెంట్రుకంత చీలిక. నేలలోకి దిగే భాగంలోనే ఉంది గనక ఇప్పటికి ఫర్వాలేదు. ఇంకోసారి ఇలా ఊగితే మాత్రం చీలిక కంకణాల దాకా పాకుతుంది. అప్పుడిక ఆ కర్ర పొయ్యిలోకే.

బొంగరం వెళ్ళి కొత్త మోటారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. దాని ఒంటికి కొట్టిన రేకు మీద దుమ్ము తుడిచింది. పధ్నాలుగువందల నలభై.

"మనమంతా అత్తాకోడళ్ళని చూసుకుంటూ కూర్చున్నాం," అంది. "మామగారు మారిపోయాడు."

వైండింగ్ బాబాయి తల గోక్కున్నాడు. "హుషారని చెప్పానుగా."

"ఒకటిన్నర రెట్లు హుషారని చెప్పలేదు బాబాయ్. లేతు మీద నాలుగువందల ఎనభై పడుతోంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఊపు రెండింతలు దాటుతుంది. గుండ్రంగా ఉన్న కర్రయితే ఓర్చుకుంటుంది. పలకల దుంగ ఎలా ఓర్చుకుంటుంది?"

తమ్ముడు అప్పటికే నేల మీద సుద్ద ముక్కతో గీస్తున్నాడు. లెక్కల్లో వాడూ ఆ ఇంటి పిల్లాడే. "తేలికే అక్కా. కోడల్ని చిన్నది చేద్దాం. ఆరు బదులు నాలుగంగుళాల పుల్లీ. పధ్నాలుగువందల నలభైని నాలుగుతో హెచ్చించి పద్దెనిమిదితో భాగిస్తే..." గీత కొట్టాడు. "మూడువందల ఇరవై. అణా పైసలతో సహా సరిపోయింది."

లెక్క తిరుగులేనిది. నాలుగంగుళాల పుల్లీ దొరికింది కూడా. బిగించారు, వదులైన బెల్టుని మోటారు వెనక్కి జరిపి బిగించారు, మీట వేశారు. షాఫ్టు పాత నడకకే వచ్చింది. పాత టప్ టప్. గుమ్మం దగ్గర పెద్దమ్మ తల కూడా దానికి తగ్గట్టు చిన్నగా ఊగింది. బొంగరం ఊపిరి పీల్చుకుని ఉలి ఆనించింది.

మొదటి పెచ్చు లేచింది. రెండోది లేవలేదు. ఉలి లోతుగా దిగగానే దుంగ ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగిపోయింది. మూలన మోటారు తిరుగుతూనే ఉంది. నాలుగంగుళాల పుల్లీ మీద బెల్టు ఉన్నచోటే జారుతూ పిల్లిలా కేకపెట్టింది. తోలు మాడిన వాసన.

మళ్ళీ ఆపారు. బెల్టు ఇంకా బిగించి చూశారు. మళ్ళీ జారింది.

"లెక్క తప్పా?" అన్నాడు తమ్ముడు, మొహం చిన్నబుచ్చుకుని.

"లెక్క తప్పు కాదు. తోలు ముసలిది, మందం. అంత చిన్న పుల్లీ చుట్టూ వంగట్లేదు. తాకేచోటు తక్కువ, జారుతుంది." మాడిన మరకని వేలితో తడిమింది. ఆ వేలి కింద పాత మాటొకటి కదిలింది. పెదనాన్న గొంతు. ఇలాగే బెల్టు జారిన ఏదో రోజు, ఇలాగే తోలు వాసన మధ్య. *బెల్టుని పరిగెత్తనివ్వవే పిచ్చిదానా. నడవాల్సింది కర్ర.*

అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఒక్కొక్క మెట్టూ కనిపించింది.

"ఒరేయ్, బెల్టు మోసే శక్తి దేన్నిబట్టి?"

"లాగుడు, వేగం. రెండూ హెచ్చిస్తే శక్తి."

"మరి బెల్టు ఒకటిన్నర రెట్లు వేగంగా పరిగెడితే?"

తమ్ముడు సుద్ద ముక్క కింద పెట్టాడు. "లాగుడు మూడింట రెండు వంతులు చాలు. అంత తక్కువ లాగితే జారదు." మళ్ళీ సుద్ద ముక్క తీసుకున్నాడు. "కానీ అప్పుడు లేతు మళ్ళీ నాలుగువందల ఎనభై కదా?"

"మొదట్లో తగ్గించకూడదు. చివర్లో తగ్గించాలి. ఆరంగుళాల కోడల్నే పెట్టు. షాఫ్టుని నాలుగువందల ఎనభై తిరగనీ. బెల్టులు రెండూ పరిగెడతాయి. లేతు దగ్గర మాత్రం ఎనిమిది తీసేసి పన్నెండంగుళాలది పెట్టాలి. నాలుగువందల ఎనభై వచ్చి పడి మూడువందల ఇరవై అవుతుంది. పైగా షాఫ్టు దగ్గరి కంటే కర్ర దగ్గర బలం ఒకటిన్నర రెట్లు."

"పన్నెండు అంగుళాలది మనకెక్కడిది?"

అక్కడ ఆగిపోయింది కథ. షెడ్డంతా వెతికారు. నాలుగు, ఆరు, ఎనిమిది, పద్దెనిమిది. పన్నెండు లేదు. బాబాయి తన కొట్టుకి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. కర్రతో తీద్దామంటే ఆరిన పలక కావాలి, జిగురు పట్టడానికే రేపు తెల్లారుతుంది. అన్నాల వేళ దాటిపోయింది, ఎవరూ లేవలేదు. గోడ గడియారం వైపు చూడకూడదని ముగ్గురూ విడివిడిగా అనుకున్నారు, ముగ్గురూ చూశారు.

"ఏం కావాలర్రా మీకు?" అంది పెద్దమ్మ.

"పన్నెండంగుళాల పుల్లీ పెద్దమ్మా. అత్తగారికి చెల్లెలు లాంటిది."

పెద్దమ్మ గోడ పట్టుకుని లేచి, తను కూర్చున్న పీటని కాలితో ముందుకి నెట్టింది.

"దీన్ని కొలవండి."

అందరూ ఆ పీటని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నారు. గుండ్రటి కర్ర పీట, బెత్తెడు ఎత్తు, మధ్యలో పిడికిలంత రంధ్రం. చుట్టూ అంచు మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఆ రంధ్రంలో చిన్నప్పుడు గోళీలు వేసి ఆడుకున్నారు. నడిమధ్యన ఆ చివర నుంచి ఈ చివరకి పోయిన గీతని పగులు అనుకున్నారు. బొంగరం పీటని బోర్లా తిప్పింది. పగులు కాదు. రెండు సగాలు, వాటిని కలుపుతూ తుప్పు పట్టిన రెండు బోల్టులు. ఇరుసు మీదికి రెండు పక్కల నుంచీ తొడిగి బిగించేందుకు కోసిన సగాలు. అంచు ఉబ్బు, బెల్టు పక్కకి జారకుండా నడిమధ్యన నిలబడేందుకు.

తమ్ముడు టేపు పెట్టాడు. సరిగ్గా పన్నెండు. టేపుని అక్కకి చూపించాడు.

"మొదటి స్తంభం తీసినప్పుడు మీ పెదనాన్న చేసుకున్నాడు," అంది పెద్దమ్మ. "ఇనపది దొరకలేదని. ఆ పని అయ్యాక విప్పి పారేయబోతుంటే నేను తెచ్చుకున్నా. వంటింట్లో పీట విరిగింది అప్పుడే. రెండోది తీసేటప్పుడు ఇచ్చెయ్యాలే అన్నాడు. ఆయన అడగలేదు, నేనివ్వలేదు." నవ్వింది. "పెళ్ళైన నాటి నుంచీ అత్తగారు నా నెత్తిన కూర్చుంది. నేను అత్తగారి మీద కూర్చున్నది ఈ పీట వచ్చాకే."

ఆ మొదటి స్తంభం తీసిన రోజు బొంగరానికి అప్పుడు గుర్తొచ్చింది. పెచ్చులు ఆమె జుట్టులో పడుతుంటే ఏరి చెవికి వేలాడదీసుకుంది. దుంగ నిదానంగా, ముసలి ఏనుగులా తిరిగింది. ఆ నిదానం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు చూడలేదు. చెవి రింగులే చూసుకుంది.

బోల్టులకి నూనె పోశారు. బాబాయి పట్టుకున్నాడు, తమ్ముడు తిప్పాడు, తుప్పు కిర్రుమని వదిలింది. పీట రెండు ముక్కలై, లేతు ఇరుసు మీద మళ్ళీ ఒక్కటై పుల్లీ అయింది. ఇరుసుకి అతికినట్టు సరిపోయింది. సరిపోకేం, ఈ ఇరుసు కోసమే పుట్టింది.

ఇప్పుడు బెల్టు చాల్లేదు.

"పుల్లీ వ్యాసం నాలుగంగుళాలు పెరిగింది," అంది బొంగరం. "బెల్టు తాకేది సగం చుట్టు. నాలుగు అంగుళాల చక్రానికి చుట్టుకొలత పన్నెండున్నర, అందులో సగం. ఆరుంబావు ముక్క కావాలి."

"కొయ్యి," అంది పెద్దమ్మ. "కుట్టేది నేను."

ఆవిడ నేల మీదే బాసింపట్టు వేసుకుంది. కళ్ళజోడు తుడుచుకుంది. పుల్లీని తాకే వైపు కుట్లు నిలువుగా, పై వైపు మాత్రమే అడ్డంగా. అడ్డం కుట్టు పుల్లీ వైపు పడితే వారానికే తెగుతుందని ఆవిడ ఎవరికీ నేర్పలేదు, అందరూ చూసి నేర్చుకున్నారు. ఒక చివర, ఇంకో చివర. బొంగరం పక్కన కూర్చుని తోలు తీగకి మైనం రాసి ఇచ్చింది. చిన్నప్పుడూ అదే ఆమె పని.

"గట్టిగా రాయవే. అప్పుడూ ఇంతే, చేతిలో సత్తువ ఉండేది కాదు."

దుంగ చివర కొత్తచోట మొన దింపారు. ఆరంగుళాల కోడలు తన ఇంటికి తిరిగొచ్చింది. తమ్ముడు మీట మీద చెయ్యి పెట్టి అక్క వైపు చూశాడు. ఇది జారినా, ఊగినా, ఇంకోసారి చెయ్యడానికి వేళ లేదు, కర్రా లేదు.

"వెయ్యి."

పైన బెల్టు పరిగెత్తింది. దుంగ కదిలింది, నాలుగు పలకలూ కలిసి మసకబారాయి, అయినా లేతు కాళ్ళు నేలని కొట్టలేదు. బొంగరం ఉలి ఆనించింది. దించింది. ఇంకా దించింది. కర్ర ఆగలేదు. పొడుగాటి ఎర్రటి పెచ్చు ఆమె మణికట్టు మీంచి భుజం మీదికి ఎగిరి పడింది. అటక మీద అన్నేళ్ళు దాచుకున్న టేకు నూనె వాసన షెడ్డంతా నిండింది.

ఆ చప్పుడు కూడా వేరేగా ఉంది. బెల్టుకి ఇప్పుడు రెండు కుట్లు, పక్కపక్కన. టప్-టప్. కాస్త ఎడం. టప్-టప్. ఇంటి వెనక గదిలో ఇద్దరు నడుస్తున్నట్టు. పెద్దమ్మ గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి దుంగ గుండ్రబడింది, ఇంకోసారి మూసి తెరిచేసరికి మూడు కంకణాలు వచ్చాయి.

లారీ హారను మోగినప్పుడు బొంగరం స్తంభం తలని గుప్పెడు పెచ్చులతో రుద్దుతోంది. "రెండు నిమిషాలు ఆగమను," అంది వెనక్కి తిరక్కుండా. తర్వాత తనే మీట తీసేసింది. షాఫ్టు నెమ్మదించడం అందరూ విన్నారు. చివరి టప్-టప్ తర్వాత ఇంకోటి వస్తుందేమోనని కాసేపు ఎవరూ కదల్లేదు.

మ్యూజియం మనుషులు లేతుని విప్పారు, తాళ్ళు కట్టారు, దొర్లించారు. వాళ్ళలో పెద్దాయన లేతు ఇరుసు చూసి అడిగాడు.

"దీనికి చెక్క పుల్లీ ఒకటి ఉండాలే, ఇందాక లోపలికి వస్తుంటే చూశాను. అది కూడా ఇస్తారా?"

"ఎనిమిదంగుళాల ఇనపది ఇచ్చాం కదండీ, అసలుది అదే," అన్నాడు తమ్ముడు.

"చెక్కది ఏదీ మరి?"

లోపల మెట్ల దగ్గర, మళ్ళీ తన పీట మీద, పెద్దమ్మ కూర్చుని ఉంది. ఎడమవైపు పాత స్తంభం. కుడివైపు ఇనుప గొట్టానికి ఇంకా తాత్కాలికంగా ఆనించి పెట్టిన కొత్తది, చేతి వేడికి మెరుస్తూ. ఆవిడ దాని తల నిమిరి, "కంకణాలు మీ పెదనాన్నవి ఇంకాస్త సన్నం," అంది, చెయ్యి మాత్రం తియ్యలేదు.

మ్యూజియం పెద్దాయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఆ పీటేనా అండీ?"

"పీట కాదు నాయనా, మా అత్తగారు," అంది పెద్దమ్మ సర్దుకుని కూర్చుంటూ. "మీతో రాదు." తర్వాత బొంగరం వైపు తిరిగి, పీట అంచు మీద అరచెయ్యి ఆనించి, గొంతు తగ్గించింది.

"ఇంకా వెచ్చగానే ఉందే."